ఎంత తిన్నా చిక్కిపోతున్నారా? గుండె దడ, చేతుల వణుకు ఉన్నాయా?.. ఎండ, పని అనుకుని వదిలేయకండి.. థైరాయిడ్ ఎక్కువైందేమో చూసుకోండి!

మోర్తాడ్, నిజామాబాద్ జిల్లా: పసుపు తవ్వకాలు మొదలైతే మోర్తాడ్ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ తీరిక ఉండదు. జనవరి నుంచి తవ్వడం, కొమ్ములు విరవడం, ఉడకబెట్టడం, కల్లాల్లో ఆరబెట్టడం, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకెళ్లడం.. ఎండలు ముదిరేదాకా ఇదే పని. ఈ రోజుల్లో ఎవరైనా చిక్కిపోయినా, చెమటలు కారుతున్నా, నీరసంగా ఉందన్నా ఇంట్లోవాళ్లు అనే మాట ఒక్కటే. "పని ఎక్కువైంది, ఎండ తగిలింది.. రెండు రోజులు పండుకుంటే సర్దుకుంటది."

చాలాసార్లు అది నిజమే. కానీ పసుపు అమ్ముడుపోయి, పని తగ్గాక కూడా బరువు దిగుతూనే ఉంటే? నీడలో కూర్చున్నా గుండె దడదడలాడుతుంటే? కడుపునిండా తింటున్నా జాకెట్లు వదులైపోతుంటే? అప్పుడు గొంతు దగ్గరున్న ఓ చిన్న గ్రంథిని అనుమానించాలి. అదే థైరాయిడ్.

థైరాయిడ్ అనగానే చాలామందికి లావైపోవడమే గుర్తొస్తుంది. అది థైరాయిడ్ తక్కువ పనిచేసినప్పుడు వచ్చే సమస్య. దీనికి పూర్తి రివర్స్‌లో ఇంకో సమస్య ఉంది. థైరాయిడ్ అవసరానికి మించి పనిచేయడం. దీన్నే హైపర్ థైరాయిడిజం అంటారు. లక్షణాలు పని ఒత్తిడిలాగే కనిపిస్తాయి కాబట్టి నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. గుర్తుపడితే మాత్రం మంచి మందులున్నాయి. ఒక్క రక్త పరీక్షతో చాలావరకు విషయం తేలిపోతుంది.

అసలు ఒంట్లో ఏం జరుగుతుంది?

గొంతు ముందు భాగంలో, కంఠముడికి కాస్త కింద సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. ఇది టీ3, టీ4 అనే హార్మోన్లను తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, తిన్న తిండి ఎంత త్వరగా ఖర్చవ్వాలి, ఒంట్లో వేడి ఎంత ఉండాలి.. వీటన్నింటి మీదా ఈ హార్మోన్ల ప్రభావం ఉంటుంది.

బండి ఆపి ఉన్నా యాక్సిలరేటర్ తిప్పే ఉంచితే ఏమవుతుంది? పెట్రోల్ అయిపోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. టీ3, టీ4 ఎక్కువైతే శరీరం పరిస్థితీ అంతే. కూర్చున్నా, పడుకున్నా లోపల పరుగు ఆగదు.

ఈ లక్షణాలు కనిపిస్తే జాగ్రత్త

అందరికీ అన్ని లక్షణాలూ ఉండవు. కానీ కింద చెప్పినవాటిలో మూడు నాలుగు కలిసి కొన్ని వారాలుగా ఉంటే పరీక్ష చేయించుకోవాల్సిందే.

- ఆకలి బాగానే ఉంది, తింటున్నారు కూడా. అయినా బరువు తగ్గిపోతున్నారు.
- ఏ పనీ చేయకుండా కూర్చున్నా గుండె వేగంగా, లేదా లయ తప్పి కొట్టుకుంటోంది.
- చేతి వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.
- పక్కవాళ్లకు మామూలుగా ఉన్నా మీకు ఉక్కపోత, చెమటలు. చలికాలంలోనూ ఫ్యాన్ కావాలనిపిస్తోంది.
- నిద్ర పట్టడం లేదు. చిన్న మాటకే కోపం, చిరాకు, ఏడుపు వస్తున్నాయి.
- రోజుకు ఎక్కువసార్లు విరేచనానికి వెళ్లాల్సి వస్తోంది.
- ఆడవాళ్లలో నెలసరి తగ్గడం, ఆలస్యం కావడం.
- తొడలు, భుజాల్లో బలం తగ్గింది. కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోతున్నారు.
- గొంతు ముందు భాగం ఉబ్బినట్టు కనిపిస్తోంది.
- కళ్లు ముందుకు పొడుచుకొచ్చినట్టు, ఇసుక పడ్డట్టు గరగర, నీళ్లు కారడం.

మోర్తాడ్ ప్రాంతంలో పొలం పనితో పాటు బీడీలు చుట్టే మహిళలు కూడా ఎక్కువే. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం అంతా వేళ్ల మీదే నడిచే పని. నిన్నటిదాకా సాయంత్రానికి లెక్క పూర్తి చేసిన మనిషి, ఇప్పుడు దారం సరిగ్గా చుట్టలేకపోతోందంటే వయసు మీద పడిందనో, రక్తం తక్కువైందనో అనుకుంటారు. ఆ వణుకుతో పాటు బరువు తగ్గడం, గుండె దడ కూడా ఉన్నాయేమో ఒకసారి అడగాలి. అలాంటి చిన్న గమనింపే చాలాసార్లు జబ్బును బయటపెడుతుంది.

పెద్దవాళ్లలో లెక్క వేరు

అరవై దాటినవాళ్లలో ఈ జబ్బు చాటుగా వస్తుంది. వణుకు, చిరాకు, చెమటలు పెద్దగా కనిపించకపోవచ్చు. మనిషి మూలకు కూర్చుంటాడు, అన్నం సయించదంటాడు, బరువు తగ్గుతాడు, ఆయాసపడతాడు. "ముసలితనం" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. లోపల మాత్రం గుండె లయ తప్పుతూ ఉండొచ్చు. దీన్ని పట్టించుకోకపోతే గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. అందుకే కొత్తగా గుండె లయ తప్పిన పెద్దవాళ్లకు డాక్టర్లు థైరాయిడ్ పరీక్ష కూడా రాస్తారు.

అమెరికా అధ్యక్షుడికీ ఇలాగే..

ఈ జబ్బుకు పేదా గొప్పా తేడా లేదు. అమెరికా అధ్యక్షుడిగా ఉన్న సీనియర్ జార్జ్ బుష్ 1991 మేలో క్యాంప్ డేవిడ్‌లో జాగింగ్ చేస్తుండగా ఆయాసపడ్డారు. ఆసుపత్రికి తీసుకెళితే గుండె లయ తప్పిందని తేలింది. కారణం వెతికితే థైరాయిడ్ ఎక్కువైందని బయటపడింది. అంతకు రెండేళ్ల ముందు, 1989లో ఆయన భార్య బార్బరా బుష్‌కూ ఇదే జబ్బు వచ్చింది. ఇద్దరూ చికిత్స తీసుకున్నారు.

అమెరికా రన్నర్ గెయిల్ డెవర్స్ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 1988 సియోల్ ఒలింపిక్స్ సమయంలోనే ఆమె ఆరోగ్యం దెబ్బతింది. జబ్బేంటో తేలేసరికి 1990 వచ్చింది. చికిత్సలో చాలా ఇబ్బందులు పడ్డా, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచారు. 1996లో మళ్లీ గెలిచారు. అంతటి క్రీడాకారిణి విషయంలోనే గుర్తుపట్టడానికి అంత కాలం పట్టింది. కోలుకున్నాక ప్రపంచంలోనే అందరికంటే వేగంగా పరుగెత్తడం కూడా సాధ్యమైంది.

ఎందుకు వస్తుంది?

ఎక్కువమందిలో కారణం గ్రేవ్స్ వ్యాధి. 1835లో దీన్ని వివరించిన ఐర్లాండ్ డాక్టర్ రాబర్ట్ గ్రేవ్స్ పేరు మీద ఆ పేరు వచ్చింది. జబ్బుల నుంచి కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, థైరాయిడ్‌ను "ఇంకా పనిచెయ్" అని తోస్తూ ఉంటుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇది కొన్ని రెట్లు ఎక్కువ. ఇంట్లో అమ్మకో అక్కకో థైరాయిడ్ ఉంటే మిగతావాళ్లు కాస్త ముందుగానే జాగ్రత్తపడాలి. కళ్లు పొడుచుకు రావడం ఎక్కువగా ఈ రకంలోనే కనిపిస్తుంది.

ఇంకొందరిలో థైరాయిడ్‌లో పుట్టిన గడ్డలు సొంతంగా హార్మోన్ తయారు చేస్తుంటాయి. వైరల్ జ్వరం తర్వాత, లేదా కాన్పు అయిన కొన్ని నెలలకు గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా బయటకు రావొచ్చు. ఈ వాపు రకం చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. గుండె లయ కోసం వాడే అమియోడరోన్ అనే మందు వల్ల కూడా కొందరికి వస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్లు వేసుకునే థైరాక్సిన్ గోళీల డోసు ఎక్కువైనా ఇవే లక్షణాలు వస్తాయి. "నీకూ థైరాయిడే, నాకూ థైరాయిడే" అని పక్కింటివాళ్ల గోళీలు తెచ్చి వేసుకుంటే మంటలో కిరోసిన్ పోసినట్టే. సన్నబడటానికి ఈ గోళీలు వాడటం కూడా అంతే ప్రమాదం.

ఇంట్లోనే చూసుకునే నాలుగు పరీక్షలు

వీటితో జబ్బు ఖరారు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అనేది మాత్రం తెలుస్తుంది.

1. నాడి లెక్క: పొద్దున లేచాక, టీ తాగకముందే ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు 60 నుంచి 100 మధ్య ఉండాలి. మూడు నాలుగు రోజులు వరుసగా 100 దాటినా, కొట్టుకోవడం అడ్డదిడ్డంగా అనిపించినా డాక్టర్‌ను కలవండి.

2. కాగితం పరీక్ష: రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ల మీద పల్చటి కాగితం పెట్టుకోండి. వణుకు ఉంటే కాగితం అంచు అదురుతూ కనిపిస్తుంది.

3. పీట పరీక్ష: పీట మీద కూర్చుని, చేతులు కట్టుకుని లేవండి. మోకాళ్ల నొప్పి లేకపోయినా లేవలేకపోతే తొడ కండరాల బలం తగ్గిందని అర్థం.

4. అద్దం పరీక్ష: అద్దం ముందు తల కాస్త వెనక్కి వంచి ఓ గుటక నీళ్లు మింగండి. మింగేటప్పుడు గొంతు ముందు భాగంలో ఏదైనా ఉబ్బు పైకి కిందికి కదులుతోందా చూడండి.

రిపోర్టు చదివేటప్పుడు పొరపడొద్దు

ముందుగా చేసేది టీఎస్‌హెచ్ పరీక్ష. దీంతో పాటు టీ3, టీ4 కూడా చూస్తారు. చాలామంది పొరపడేది ఇక్కడే. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ తయారు చేసే హార్మోన్ కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆర్డర్ అది. సరుకు ఇప్పటికే ఎక్కువైతే ఆర్డర్ ఆగిపోతుంది కదా! అలాగే థైరాయిడ్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ పడిపోతుంది, టీ3, టీ4 పెరుగుతాయి.

టీఎస్‌హెచ్ సాధారణంగా 0.4 నుంచి 4 మధ్య ఉండాలి. ల్యాబ్‌ను బట్టి కొంచెం తేడా ఉంటుంది. రిపోర్టులో "తక్కువ" అని చూసి థైరాయిడ్ తక్కువ అనుకుని, మెడికల్ షాపులో థైరాక్సిన్ కొనుక్కోవద్దు. గర్భం దాల్చిన మొదటి నెలల్లో టీఎస్‌హెచ్ మామూలుగానే కొంత తగ్గొచ్చు. అది జబ్బా కాదా అనేది డాక్టరే చెప్పాలి.

ఈ పరీక్షకు పరగడుపున వెళ్లాల్సిన పనిలేదు. అయితే జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ గోళీలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. బయోటిన్ వల్ల జబ్బు లేకపోయినా ఉన్నట్టు రిపోర్టు రావొచ్చు. థైరాయిడ్ ఎక్కువని తేలాక కారణం తెలుసుకోవడానికి యాంటీబాడీ పరీక్ష, అల్ట్రాసౌండ్, థైరాయిడ్ స్కాన్‌లలో అవసరమైనవి రాస్తారు.

బరువు తగ్గడానికి ఇదొక్కటే కారణం కాదు. దాహం, మూత్రం ఎక్కువగా ఉంటే షుగర్ కావొచ్చు. సాయంత్రం జ్వరం, వారాల తరబడి దగ్గు ఉంటే టీబీ కావొచ్చు. అందుకే "బలానికి" అంటూ సెలైన్లు, బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు ఎక్కించుకుంటూ నెలలు గడపకుండా, ఈ పరీక్షలన్నీ ఒకేసారి చేయించుకోవడం మంచిది.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానాకు వెళ్లి ఎంబీబీఎస్ డాక్టర్‌కు లక్షణాలు చెప్పండి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ప్రభుత్వ దవాఖానాల్లో నమూనా ఇస్తే జిల్లా కేంద్రంలోని ల్యాబ్‌లో ఉచితంగా పరీక్షిస్తారు. థైరాయిడ్ పరీక్ష కూడా ఇందులో ఉంది. ఏ రోజు, ఏ టైమ్‌లో నమూనా తీసుకుంటారో ముందే అడిగి వెళితే కూలి పోగొట్టుకుని తిరగాల్సిన అవసరం ఉండదు.

తర్వాత ఆర్మూర్ ఏరియా ఆసుపత్రి, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టర్లు ఉంటారు. కేసు క్లిష్టంగా ఉంటే హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. హార్మోన్ల జబ్బులు చూసే డాక్టర్లు అక్కడ ఉంటారు. ఆపరేషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

చికిత్స మూడు రకాలు

గోళీలు: ఎక్కువగా రాసేది కార్బిమజోల్. ఇది థైరాయిడ్ కొత్తగా హార్మోన్ తయారు చేయకుండా ఆపుతుంది. గుండె దడ, వణుకు త్వరగా తగ్గడానికి ప్రొప్రనలాల్ లాంటి మందు కొన్నాళ్లు ఇస్తారు. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ విషయం ముందే చెప్పాలి. వాళ్లకు ప్రొప్రనలాల్ మంచిది కాదు. కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది. గ్రేవ్స్ వ్యాధికి కోర్సు సాధారణంగా 12 నుంచి 18 నెలలు.

రేడియో అయోడిన్: నోటి ద్వారా ఇచ్చే మందు. థైరాయిడ్ అయోడిన్‌ను పీల్చుకునే గుణాన్ని వాడుకుని, ఎక్కువ పనిచేస్తున్న కణాలను తగ్గిస్తారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరు. తీసుకున్నాక కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. కొన్ని రోజులు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి.

ఆపరేషన్: గొంతు వాపు చాలా పెద్దగా ఉన్నా, క్యాన్సర్ అనుమానం ఉన్నా, మందులు పడకపోయినా గ్రంథిని తీసేస్తారు.

రేడియో అయోడిన్, ఆపరేషన్ తర్వాత చాలామందికి థైరాయిడ్ తక్కువైపోతుంది. అప్పుడు రోజుకో థైరాక్సిన్ గోళీ జీవితాంతం వేసుకోవాలి. ఇది భయపడాల్సిన విషయం కాదు. గోళీ మానకుండా వేసుకుంటే మామూలుగానే జీవించవచ్చు.

మందు వాడేవాళ్లు ఇవి మరిచిపోవద్దు

మధ్యలో ఆపొద్దు. నెల రోజులు వాడగానే దడ తగ్గి, ఒళ్లు పడుతుంది. "తగ్గింది కదా" అని చాలామంది ఆపేసేది ఇప్పుడే. జబ్బు మళ్లీ తిరగబడుతుంది. పూర్తి కోర్సు వాడినవాళ్లలోనూ దాదాపు సగం మందికి మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. కాబట్టి ఆపాక కూడా డాక్టర్ చెప్పినప్పుడల్లా రక్త పరీక్ష చేయించుకోవాలి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు జబ్బు దాచకుండా డాక్టర్‌తో మాట్లాడి, చీటీ, రిపోర్టులు వెంట పెట్టుకోవాలి. మందుల విషయంలో వెళ్లే దేశం రూల్స్ ఏంటో ముందే కనుక్కోవాలి.

జ్వరం, గొంతు నొప్పి వస్తే ఆగొద్దు. కార్బిమజోల్ వాడేవాళ్లలో చాలా అరుదుగా తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుండ్లు వస్తే గోళీ ఆపి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. కళ్లు పచ్చబడినా అంతే. మామూలు జలుబే అని పారాసిటమాల్ వేసుకుని పడుకోవద్దు.

గర్భం అనుకుంటే ముందే చెప్పాలి. గర్భం మొదటి మూడు నెలల్లో వాడే మందు వేరుగా ఉంటుంది. అలాగని భయపడి మందు మానేస్తే గర్భస్రావం, నెలలు నిండకుండానే కాన్పు లాంటి ముప్పులు పెరుగుతాయి.

బీడీ, సిగరెట్ మానాలి. పొగ తాగేవాళ్లలో గ్రేవ్స్ వ్యాధి కళ్ల సమస్య ఎక్కువగా వస్తుంది, వచ్చాక మరింత ముదురుతుంది. ఒకటికి రెండుగా కనిపించినా, చూపు మసకబారినా వెంటనే కంటి డాక్టర్‌ను కలవాలి.

పసుపుతో తగ్గుతుందా?

పసుపు పండించే ఊళ్లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. కూరలో వేసుకునే పసుపుతో ఇబ్బంది లేదు. కానీ పసుపు నీళ్లు, పసుపు పాలతో ఎక్కువైన థైరాయిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. వాటిని నమ్ముకుని గోళీలు ఆపితే గుండె మీద భారం పెరుగుతుంది. గుండె లయ తప్పి రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ఎక్కువ డోసు కర్కుమిన్ క్యాప్సూల్స్ డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. రక్తస్రావం ముప్పు పెరగొచ్చు.

అయోడిన్ ఉప్పు మానేయాలా? ఇంట్లో రోజూ వాడే ఉప్పును సాధారణంగా మార్చాల్సిన పనిలేదు. ఇంట్లో పిల్లలకు, గర్భిణులకు ఆ అయోడిన్ అవసరం. అయోడిన్ ఎక్కువగా ఉండే సప్లిమెంట్లను మాత్రం సొంతంగా వాడొద్దు.

ఇలా ఉంటే 108కు ఫోన్ చేయండి

చికిత్స లేకుండా వదిలేసినా, మందు ఒక్కసారిగా ఆపేసినా, పెద్ద ఇన్‌ఫెక్షన్ వచ్చినా కొందరిలో హార్మోన్ ప్రభావం తుపానులా విరుచుకుపడుతుంది. దీన్ని థైరాయిడ్ స్టార్మ్ అంటారు. ఒళ్లు కాలిపోయేంత జ్వరం, గుండె విపరీతంగా పరుగెత్తడం, వాంతులు, విరేచనాలు, మాట తడబడటం, మనిషి స్పృహ తప్పడం దీని గుర్తులు. ఎండాకాలంలో అచ్చం వడదెబ్బలాగే కనిపిస్తుంది. రెండూ ప్రాణాంతకమే. ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేసి, థైరాయిడ్ ఉందన్న సంగతి, వాడుతున్న గోళీల పేరు చెప్పాలి. మందుల చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఇలాంటప్పుడు పనికొస్తుంది.

"గిట్ల చిక్కిపోయినవేంది అక్కా?" అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోవద్దు. బరువు ఎప్పటి నుంచి తగ్గుతోంది, నాడి ఎంత ఉంది, వేళ్లు వణుకుతున్నాయా అని ఒకసారి చూసుకోండి. అనుమానం ఉంటే ఈ వారంలోనే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, డోసు మార్చాలన్నా డాక్టర్ సలహా తప్పనిసరి.